ఎడమ కాలి లెక్క

జూన్ 3

అన్నయ్యకి,

నువ్వూ వదినా కులాసా అనుకుంటాను. ఇక్కడ మేమూ అంతే. ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటి అనుకుంటావు. ఫోన్‌లో నాకు నోరు పెగలదని నీకు తెలుసు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఈయన జేబులోనే ఉంటుంది. నీ కొట్లో ఎప్పుడూ గాలి కొట్టే చప్పుడే. నేను అడగాల్సింది నిదానంగా అడగాలి.

ఈయనకి సైకిల్ పెడల్ కావాలి. మామూలుది కాదు. తొక్కేటప్పుడు కాలు ఎంత బలం పెడుతోందో కొలిచి ఫోన్‌కి పంపే పెడల్. పవర్ మీటర్ అంటున్నారు. రేసు సైకిళ్లు బాగుచేసే నీకు నేను చెప్పేదేముంది.

ఈయన పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీకి ఒక సైకిల్ జట్టు ఉంది కదా. అందులో ఉన్నవాళ్లకి స్టోరు గదిలో కూర్చుని చేసే పని ఇస్తారు. లేనివాళ్లు లారీలకి కట్టలు ఎత్తాలి. పోయిన అక్టోబరులో పడి కాలు విరిగినప్పటి నుంచి ఈయన జట్టులో ఉన్నట్టూ లేనట్టూ ఉన్నారు. కాలు బాగైంది. ఇప్పుడు కోచ్ గడువు పెట్టాడు. ఆగస్టు పదో తారీకులోగా, ఇరవై నిమిషాలు ఆపకుండా రెండు వందల ముప్పై వాట్లకి తగ్గకుండా తొక్కినట్టు మూడు రికార్డులు చూపించాలి. చూపించలేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది, ఈయన కట్టల దగ్గరికి పోతారు.

ఈయన డ్యూటీ దిగేసరికి ఇక్కడి సైకిల్ కొట్టు మూసేస్తున్నారని మొన్న నన్నే పంపారు. "మీటరు వెనక చక్రంలోనా, క్రాంకులోనా, పెడల్‌లోనా" అని అడిగాడు కొట్టతను. పెడల్‌లోనే అన్నాను. ఆ మాట ఈయన నాకు చెప్పి పంపారు. సైకిల్ కంపెనీది, ఎప్పుడు తిరిగి ఇచ్చేయమంటారో తెలీదు. పెడల్ అయితే పానా పట్టుకుని విప్పుకుంటే మనది మనకే ఉంటుంది, ఏ సైకిల్‌కైనా బిగించుకోవచ్చు.

"సరేనమ్మా, ఒక వైపా, రెండు వైపులా?" అన్నాడు.

"సైకిల్‌కి రెండు పెడళ్లు ఉంటాయి కదండీ" అన్నాను.

అక్కడున్న ముగ్గురూ నవ్వారు. రెండు వైపులా కొలిచేది దాదాపు రెట్టింపు ధరట. ఏం చెప్పాలో తెలియక రేపొస్తానని వచ్చేశాను. మూడంతస్తులు ఎక్కి గుమ్మంలోనే కాసేపు కూర్చున్నాను. ఈయనకి కొట్టు మూసి ఉందని చెప్పాను. ఏది తీసుకోవాలో నువ్వు చెప్పు.

నీ చెల్లి

*

జూన్ 11

చెల్లీ,

ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడేదానివి, ఒకే ఉత్తరంలో ఇన్ని రాశావంటే సైకిల్ మహిమే. మీ వదిన రెండుసార్లు చదివించుకుంది. కొట్టు మూసి ఉందని చెప్పావా? అబద్ధం ఆడటం కూడా నేర్చావు, మంచిదే, సంసారంలో పడ్డట్టే.

ఆ ముగ్గురూ నవ్వారని బాధపడకు. వాళ్లలో ఒకడికైనా పెడల్ లోపల ఏముందో తెలిసి ఉండదు. ఇరుసు లోపల సన్నటి తీగలు ఉంటాయి. తొక్కినప్పుడు ఇరుసు వెంట్రుకవాసి వంగుతుంది, ఆ వంపుని బట్టి బలం లెక్క కడుతుంది. రెండు వైపులది అంటే రెండు పెడళ్లలోనూ ఆ సరంజామా ఉంటుంది. ఒక వైపుది అంటే ఎడమ పెడల్‌లోనే ఉంటుంది. ఎడమ కాలి బలం కొలిచి, దాన్ని రెండుతో గుణించి, మొత్తం ఇంత అని చూపిస్తుంది.

కుడి కాలి సంగతి ఎలా తెలుస్తుంది అంటావు. తెలియక్కర్లేదు. మనిషికి రెండు కాళ్లూ కవలపిల్లలు. ఒకడు అన్నం తిన్నాడంటే రెండోవాడూ తిన్నట్టే. నూటికి ఒకటి రెండు పాళ్లు తేడా వస్తే వస్తుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, నా దగ్గరికి వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఒక వైపుదే వాడతారు. రెండు వైపులది డబ్బు ఎక్కువైనవాళ్ల ముచ్చట.

నా దగ్గర ఒకటి ఉంది. ఒక లాయరుగారు ఏడాది వాడి మోజు తీరి ఇచ్చేశారు. కొత్తదానితో సమానం. కుడి వైపున జోడీగా మామూలు పెడల్ వస్తుంది. పార్సిల్ చేస్తున్నాను. ధర మాట ఎత్తకు. బావ బూటు కింద బిగించే క్లీట్ ఏ రకమో మాత్రం కనుక్కుని రాయి, అది సరిపడకపోతే బూటు పట్టదు. అన్నట్టు ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, బావకి గుర్తుచెయ్యి.

బావ తన పెడల్ తనే వెళ్లి కొనుక్కోవచ్చుగా అని మీ వదిన అంటోంది. నేను అనలేదు.

అన్నయ్య

*

జూన్ 26

అన్నయ్యకి,

పెడళ్లు అందాయి. క్లీట్ సరిపోయింది. వదినకి చెప్పు, ఈయనకి వారానికి ఆరు రోజులు డ్యూటీ, ఏడో రోజు కొట్టుకే సెలవు.

వచ్చి పన్నెండు రోజులైంది. సాయంత్రం ఈయన రాగానే సైకిల్‌ని గదిలో స్టాండుకి బిగించి తొక్కుతున్నారు. గది చిన్నది కదా, సైకిల్ ఉంటే నేను కుట్టుమిషను దగ్గరికి పోలేను. అందుకని వంటగది గట్టు మీద కూర్చుని, టైలరు ఇచ్చిన చొక్కాలకి కాజాలు చేతితోనే కుడుతున్నాను. కింది వాటా ఆవిడ రెండుసార్లు పైకి వచ్చి, "మీ ఇంట్లో పిండిమర పెట్టారా అమ్మాయ్" అని అడిగింది. ఇంకో ఇరవై నిమిషాలండీ అంటాను. రోజూ అదే మాట.

ఇంతకీ రాయాల్సింది ఏమిటంటే, అంకె రావడం లేదు. రెండు వందల ముప్పై కావాలి. మొదటి రోజు నూట అరవై ఎనిమిది వచ్చింది. మర్నాడు నూట డెబ్బై. చెమట నేల మీద మడుగు కడుతోంది, నేను తుడుస్తున్నాను, అంకె అక్కడే ఉంటోంది. దెబ్బకి ముందు ఈయన రెండు వందల యాభై తొక్కేవారు. ఎనిమిది నెలలు సరిగ్గా తొక్కకపోతే ఇంత పడిపోతుందా? లేక పాతది కాబట్టి పెడల్ ఏమైనా తగ్గించి చూపిస్తోందా? ఈయన ఏమీ అనలేదు, నేనే అడుగుతున్నాను.

ఈయన అసలు ఏమీ అనడం లేదు. తొక్కడం అయ్యాక వెళ్లి మెట్ల మీద కూర్చుంటారు. పిలిస్తే వస్తారు, తింటారు, గోడ వైపు తిరిగి పడుకుంటారు. నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. నాకూ అలసటగా ఉంది, ఎందుకో చెప్పలేను, నేను తొక్కడం లేదు కదా.

నీ చెల్లి

*

జూలై 4

చెల్లీ,

నీ ఉత్తరం చదివి నాకు అన్నం సయించలేదు. రెండు సంగతులు.

మొదటిది, పెడల్. అందులో లోపం ఉందంటే నేను ఒప్పుకోను. ఇచ్చే ముందు నేనే బరువు వేలాడదీసి చూశాను. సొంత చెల్లెలికి తప్పు సరుకు అంటగడతానా? బావకి నమ్మకం లేకపోతే తనే చూసుకోవచ్చు. క్రాంకుని, అంటే పెడల్ బిగించే కాడని, నేలకి సమంగా పెట్టి, వెనక చక్రం కదలకుండా పట్టుకుని, పెడల్‌కి పది కేజీల బరువు వేలాడదీయండి. ఫోన్‌లో బరువు చూసే చోట పదే రావాలి. ముందుగా సున్నా చేయడం మర్చిపోవద్దు. క్రాంకు పొడవు ఫోన్‌లో ఎంత పెట్టారో కూడా చూడండి, అది తప్పితే అంకె కొంచెం తప్పుతుంది. కొంచెమే. అరవై తప్పదు.

ఈయన ఏమీ అనలేదని రాశావు. ఏమీ అనలేదని రాసే ఆడపిల్ల సంగతి నాకు తెలుసు. పాతది ఇచ్చాడని అనే ఉంటాడు.

రెండోది. నాలుగు రోజుల నుంచి మాట్లాడటం లేదా? గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడా? అంకె రాకపోతే నీ మీద అలుగుతాడా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. మీ వదిన వెంటనే రమ్మంటోంది. బట్టలు సర్దుకో. వచ్చే ఆదివారం నేను వస్తాను. బావతో నేను మాట్లాడతాను, నువ్వు ఏమీ చెప్పనక్కర్లేదు.

అన్నయ్య

*

జూలై 8

అన్నయ్యకి,

దయచేసి రావద్దు. ఈ ఉత్తరం ఆదివారానికి ముందే అందాలని పొద్దున్నే తపాలా డబ్బాలో వేస్తున్నాను. ఈయన నా మీద అలగలేదు. నేనే సరిగ్గా రాయలేదు. రాయడం చేతకాకపోతే ఇలాగే అవుతుంది.

నువ్వు చెప్పినట్టే చూశాం. పాత ఇనుము కొనే అతని దగ్గర పది కేజీల రాయి అడిగి తెచ్చాను. నేను వెనక చక్రం పట్టుకున్నాను, ఈయన రాయి కట్టారు. ఫోన్‌లో సరిగ్గా పదే వచ్చింది. ఈయన రాయి విప్పేసి నేల మీద పెట్టి, "పెడల్ మంచిదే. మీ అన్నయ్యకి రాయి, పెడల్ మంచిదేనని" అన్నారు. రెండు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. పెడల్‌లో తప్పుంటే బాగుండునని ఆయనకి ఉన్నట్టుంది.

ఇప్పుడొకటి రాస్తాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

మే నెలలో ఈయన తొక్కేటప్పుడు వేసుకునే బిగుతు నిక్కరు తెచ్చి, "ఒక వైపు వదులైంది, పట్టి కుట్టు" అన్నారు. నిలబెట్టి టేపు పెట్టాను. కుడి తొడ ఇరవై రెండు అంగుళాలు. ఎడమది ఇరవై. టేపు జారిందేమోనని మళ్లీ పెట్టాను. "ఎంత" అన్నారు. "కొంచెమే" అన్నాను. ఎడమ వైపు పట్టి కుట్టి ఇచ్చాను. నేను చెప్పలేదు, ఆయన మళ్లీ అడగలేదు.

విరిగింది ఎడమ కాలే అన్నయ్యా. మోకాలి పైన. లోపల కడ్డీ ఉంది. కాలికి దెబ్బ తగిలిందని అమ్మకీ నీకూ చెప్పాం గానీ కడ్డీ వేశారని చెప్పలేదు. ఈయన వద్దన్నారు. కాలు బాగైందని నీకు రాశాను. ఎముక అతికింది, అది నిజమే. ఈయన కుడి కాలితోనే మెట్లెక్కుతారు. ఎడమది వెనక ఈడ్చుకుంటూ వస్తుంది.

పెడల్ ఎడమ కాలినే కొలిచి రెండుతో గుణిస్తుందని నువ్వు రాసిన మాట రాత్రి వంట చేస్తుంటే గుర్తొచ్చింది. కుంటి కాలిని పిలిచి ఇద్దరి తరఫునా సాక్ష్యం చెప్పమన్నట్టుంది కదా? నేను చదివింది ఏడో తరగతి. తప్పయితే చెప్పు. ఈయనకి ఇంకా చెప్పలేదు. అంకె పెంచాలని ఆ కాలినే అదిమి తొక్కుతున్నారు. మోకాలు వాచింది.

నీ చెల్లి

*

జూలై 13

చెల్లీ,

నీ ఉత్తరం శనివారం అందింది. రైలు టిక్కెట్టు చేతిలో పెట్టుకుని చదివాను. వెనక్కి ఇచ్చేశాను.

నీ మాట తప్పు కాదు. తప్పు నాది. నువ్వు కాలు విరిగింది అని రాశావు. నేను క్లీట్ ఏ రకం అని అడిగాను, విరిగింది ఏ కాలని అడగలేదు. ఇరవై ఏళ్లుగా సైకిళ్లు చూస్తున్నాను, తొక్కేవాణ్ణి చూడటం ఎప్పుడో మానేశానన్నమాట. పదిమందిలో తొమ్మిదిమంది అని గొప్పగా రాశాను. పదోవాడు మా ఇంటివాడే అయ్యాడు.

ముందు ఆ కాలిని అదమడం ఆపించు. ఈ మాట అన్నయ్య చెప్పాడని చెప్పు, నీకు చెప్పడం కష్టమైతే ఈ ఉత్తరమే చేతికియ్యి. బావా, నువ్వు చదువుతుంటే, నేను గోడ గురించీ మద్దెల గురించీ రాసిందానికి ఏమీ అనుకోవద్దు. అది చెల్లి నీకు చూపించకపోయి ఉంటే ఇంకా మంచిది.

ఈ కంపెనీ పెడల్‌కి కుడి వైపు కొలిచేది విడిగా దొరుకుతుంది. రెండూ కలిపితే రెండు వైపులది అవుతుంది. తెప్పించి పంపుతున్నాను. వారం పట్టొచ్చు. ఇప్పుడున్న మామూలు కుడి పెడల్ విప్పేసి అది బిగించుకోండి. ఏ కాలి బలం ఆ కాలికి విడిగా వస్తుంది.

మీ వదిన అలిగింది. కడ్డీ వేస్తే చెప్పరా అంటుంది. నిజమేగా?

అన్నయ్య

*

ఆగస్టు 5

అన్నయ్యకి,

వదినకి క్షమించమని చెప్పు. చెప్పాల్సింది. చెబితే మీరంతా వస్తారు, వస్తే ఈయన మంచం మీద ఉండగా అందరూ చూస్తారు, అదీ ఆయన భయం.

నీ ఉత్తరం ఈయన చేతికే ఇచ్చాను. చదివి, "మద్దెల ఏమిటి" అన్నారు. ముందు ఉత్తరం కూడా ఇచ్చేశాను. దాచి ఏం లాభం. చదివి మడిచి పెట్టేశారు. మోకాలికి వాపు తగ్గేదాకా తొక్కలేదు.

కుడి పెడల్ వచ్చాక గురువారం తొక్కారు. ఇరవై నిమిషాలు. ఫోన్ నా చేతికిచ్చి గోడ వైపు చూస్తూ తొక్కారు. అయ్యాక "ఎంత" అన్నారు. రెండు వందల ముప్పై ఒకటి అన్నాను. సైకిల్ మీదే తల వంచి హ్యాండిల్ మీద పెట్టుకున్నారు, చాలాసేపు. శనివారం రెండు వందల ముప్పై మూడు. నిన్న మళ్లీ రెండు వందల ముప్పై ఒకటి. మూడు రికార్డులూ వచ్చాయి. కోచ్ అడిగినవి అంతే.

కానీ ఆ అంకె కింద ఒక గీత ఉంటుంది. ఎడమ ఎంత, కుడి ఎంత అని. మొదటి రోజు నేను పైది ఒక్కటే చదివి చెప్పాను. నిన్న ఆయనే ఫోన్ తీసుకుని చూశారు. నూటికి ఎడమ ముప్పై ఆరు పాళ్లు, కుడి అరవై నాలుగు.

"ఇంత తేడానా" అన్నారు.

నేను నేల మీద చెమట తుడుస్తున్నాను.

"నీకు తెలుసా?"

"నిక్కరు పట్టి కుట్టినప్పుడు తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"మీరు ఎంత అని ఒక్కసారే అడిగారు."

కోపం తెచ్చుకుంటారనుకున్నాను. తెచ్చుకోలేదు. "కోచ్ మొత్తమే చూస్తాడు. కింద గీత ఎవరూ చూడరు" అన్నారు.

"నేను చూశాను కదండీ" అన్నాను.

ఎలా అన్నానో నాకే తెలీదు. అని వంటగదిలోకి వెళ్లిపోయాను. కడ్డీ వేసిన డాక్టరు చెప్పిన మాట ఆ గదిలో ఆయనతోపాటు నేనూ విన్నాను. రెండు కాళ్లూ సమానం కాకుండా బలంగా తొక్కితే కుడి తుంటి పాడవుతుంది, ఎడమ మోకాలు ఇంక రాదు అన్నాడు. ఆరు నెలలకి మళ్లీ రమ్మన్నాడు. మేం వెళ్లలేదు.

పదో తారీకుకి ఐదు రోజులుంది. ఏం చేస్తారో చెప్పలేదు. నేను అడగలేదు.

నీ చెల్లి

*

ఆగస్టు 11

చెల్లీ,

ఉత్తరం ఈరోజే అందింది. మూడు రికార్డులూ వచ్చాయా, సెబాష్ బావా. నీకు గడువు నిన్నటితో అయిపోయింది కాబట్టి ఇప్పుడు చెప్పినా ఒకటే, అయినా చెబుతున్నాను. నేనైతే మొత్తమే చూపిస్తాను. ముందు చోటు నిలబెట్టుకోవాలి. కాలిని తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు. కట్టలు ఎత్తే పనిలో పడితే ఆ కాలు ఇంకా పోతుంది. చెల్లీ, నువ్వు అడ్డం చెప్పి ఉండవు, నీకంత నోరెక్కడిది. ఏమైందో రాయి. మీ వదిన స్వీటు పంచుతానంటోంది.

అన్నయ్య

*

ఆగస్టు 22

అన్నయ్యకి,

వదినని స్వీటు పంచవద్దని చెప్పు.

ఎనిమిదో తారీకున ఈయన సెలవు పెట్టి, మూడు రికార్డులూ అచ్చు వేయించుకుని బయల్దేరారు. ఫ్యాక్టరీకే అనుకున్నాను. బస్సు ఎక్కేటప్పుడు "నువ్వూ రా" అన్నారు. కడ్డీ వేసిన ఆ ఎముకల డాక్టరు దగ్గర దిగాం. డాక్టరు ఆ కాగితాలు చూసి, పైన ఉన్న అంకె వైపు చూడనే లేదు, కింద గీత మీద పెన్ను పెట్టి, "ఈ కాలుతో రేసా" అన్నాడు. ఈయన తల దించుకున్నారు. ఆరు నెలల దాకా రేసు వద్దు, బరువు ఎత్తడం అసలే వద్దు అని కాగితం రాసిచ్చాడు. రోజుకి పది నిమిషాలు, తేలిగ్గా, ఎడమ కాలు తన వాటా తను పెట్టేట్టు తొక్కమన్నాడు.

ఆ కాగితం కోచ్‌కి ఇచ్చారు. రికార్డులు కూడా ఇచ్చారు. "మొత్తం సరిపోయింది కదయ్యా, డాక్టరు దగ్గరికి ఎవరు పొమ్మన్నారు" అన్నాడట కోచ్. "మా ఆవిడ" అన్నారట ఈయన. నేను పొమ్మనలేదు అన్నయ్యా, కానీ ఆయన అలా చెప్పినందుకు నేను కాదనలేదు.

చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. కంపెనీ సైకిల్ తిరిగి ఇచ్చేశారు, పెడళ్లు విప్పి సంచిలో తెచ్చుకున్నారు. డాక్టరు కాగితం ఉంది కాబట్టి కట్టల దగ్గరికి పంపలేదు. పెట్టెలకి చీటీలు అంటించే బల్ల దగ్గర వేశారు. అక్కడ అందరూ ఆడవాళ్లే, వయసైనవాళ్లు. కుర్చీ ఉంది. జీతం తగ్గింది. నేను ఇంకో టైలరు దగ్గర కాలర్లు కూడా ఒప్పుకున్నాను. కళ్లు మండుతున్నాయి, అంతకంటే ఏమీ లేదు.

నువ్వు రాసింది తప్పని నేను అనడం లేదు. మా పరిస్థితి చూస్తే ఎవరైనా అదే చెబుతారు. కట్టల పని గురించి ఎన్నోసార్లు నేనూ భయపడ్డాను. ఆ కాగితం ఫ్యాక్టరీ వాళ్లు ఒప్పుకోకపోతే ఏమయ్యేదో నాకు తెలీదు.

ఇప్పుడు పెడళ్లు ఈయన పెళ్లికి ముందు కొనుక్కున్న పాత సైకిల్‌కి బిగించారు. సాయంత్రం పది నిమిషాలే. కింది వాటా ఆవిడ పైకి రావడం మానేసింది, పిండిమర పోయిందనుకుంటోంది. ఈయన ఫోన్ చూడరు. నేను కాజాలు కుడుతూ చదివి చెప్పాలి. మొత్తం ఎంతని అడగరు. "ఎడమ ఎంత" అనే అడుగుతారు.

పోయిన వారమంతా ముప్పై ఆరు. నిన్న ముప్పై ఆరు. ఈరోజు కూడా అదే చెప్పాను.

"ఒకటి పెంచి చెబితే ఏం పోయింది" అన్నారు.

"ముప్పై ఆరండీ" అన్నాను.

నవ్వారు. చాలా రోజుల తర్వాత. తర్వాత ఇంకో నాలుగు నిమిషాలు తొక్కారు, దిగారు. నేను ఇంకా పది కాజాలు కుట్టాలి. ఉంటాను.

నీ చెల్లి